మా బావ చెవులకు ఏ రోగమూ లేదు

మొన్న పొద్దున అక్క ఫోన్ చేసి, "మీ బావ పోయిండురా" అంది. చాయ్ తాగుతూ కూర్చున్న మనిషి కుర్చీలోనే ఒరిగిపోయాడట. ఆ కబురు నలుగురికీ చెప్పే పని నాకు పడింది. అది నాకు పడాల్సిన పని కాదు. మా ఊరు కేసముద్రంలో లేనిపోని కబుర్లు చెప్పి జనాన్ని ఉరికించడంలో నాకు పెద్ద పేరుంది. జనగామలో ఉండే బావ తమ్ముడికి చెబితే, "పొద్దుపొద్దున నీకు నేనే దొరికిన్నా" అని ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే బూతు తిట్టాడు. మూడోసారి అక్క ఇంటి నుంచి చేసి ఫోన్ ఆమె చేతికిచ్చాను. ఆమె ఏడుపు విన్నాక గానీ బయలుదేరలేదు.

మా బావ బండ్లకు బీమా రాసే ఏజెంటు. నాది మార్కెట్ యార్డు ముందర గోనెసంచుల దుకాణం. ధాన్యం తెచ్చే ట్రాక్టర్లు, పత్తి మోసే లారీలు మా ఇద్దరి ముందు నుంచే పోయేవి. నేను డ్రైవర్లను ఆటపట్టించేవాణ్ని, బావ వాళ్ల కాగితాలు సరిచూసేవాడు. బండి కొన్నవాడు ఎంత మంచి కాగితం చూపించినా ఆయనకు చాలదు. బండి కింద దూరి, ఛాసిస్ నంబరు మీద పలుచని కాగితం పెట్టి, పెన్సిల్‌తో రుద్ది, అంకెలు తేలేదాకా ఊపిరి బిగబట్టేవాడు. నేను చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద అట్లాగే రుద్ది, ఆ కాగితాలతో బడి ముందు జామకాయలు అడిగేవాణ్ని. నా చదువు ఆరో తరగతితో ఎందుకు ఆగిందో వేరే చెప్పక్కర్లేదు.

"బండి ఆగితె నలుగురిని పిలిచి నెట్టిస్త. కాగితం ఆగితె ఎవర్ని పిలువాలె?" అనేవాడు బావ. నంబరు ప్లేట్ల మీద ఏపీ పోయి టీఎస్ వచ్చింది, టీఎస్ పోయి టీజీ వచ్చింది. చేతికి పాత అలవాటు పోవాలని ఒక నోటుబుక్కు నిండా టీజీ, టీజీ అని రాసుకున్నాడు. పంతులు కొట్టకుండానే ఇంపోజిషన్ రాసిన మనిషిని నేను ఆయన్నొక్కణ్నే చూశాను. రెండేళ్ల కిందటి దాకా ఆయన రాసిన కాగితం ఒక్కటి కూడా తప్పని వెనక్కి రాలేదు. జనగామ బీమా ఆఫీసులో ఆయన ఫైలులో తప్పుల పేజీ తెల్లగా ఉంటుందని, అక్కడికి పోయినప్పుడల్లా దాన్ని తీయించి చూసుకునేవాడని అక్క చెప్పి నవ్వేది.

ఆ పేజీని పాడు చేసింది నేను. అప్పుడే కారు కొన్నాను. మా ఇంట్లో అదే మొదటి కారు. బీమా బావే రాస్తానన్నాడు. మహబూబాబాద్ షోరూంలో ఛాసిస్ నంబరు తనే రుద్దుకుని, బానెట్ ఎత్తి, ఇంజన్ మీది నంబరు చదవమని నాకు చెప్పి, ఆయన మోకాలి మీద ఫారం పెట్టుకుని కూర్చున్నాడు. కొత్త కారు ముందు నేను మామూలుగా చదువుతానా? యార్డులో మిర్చికి వేలం పాట పాడినట్టు రాగం తీసి చదివాను. షోరూం పిల్లలు నవ్వుతుంటే నాకు ఇంకా ఊపొచ్చింది.

నంబరు చివర సున్నా, ఆరు ఉన్నాయి. నేను "ఓ ఆరూ... ఓ ఆరూ..." అని పాడాను. ఫోను నంబరు చెప్పేటప్పుడు సున్నాను 'ఓ' అంటాం కదా, అట్లా అన్నాను. బావ ఆలోచన తెలుగులో నడుస్తుంది. ఓ పది సంచులియ్యి, ఓ ఆరు మిర్చి బజ్జీలు కట్టు అన్నట్టే విన్నాడు. ఆరు రాశాడు.

"సక్కగ సదువు బామ్మర్ది. ఆరేనా?"

"ఓ ఆరే బావా."

ఆయన రాసింది నా ముందు పెట్టి, ఇంజన్ మీది నంబరుతో ఒక్కొక్క అంకె కలిపి చూసుకోమన్నాడు. నేను అప్పటికే లోపల కూర్చుని హారన్ కొడుతున్నాను. "చూసినవా?" అన్నాడు. "చూసిన బావా" అన్నాను. చూడలేదు. సంతకం మాత్రం పెద్దగా పెట్టాను.

రిజిస్ట్రేషన్‌కు పోతే, అక్కడి గుమాస్తా కారు కాగితాలను, బీమా కాగితాన్ని పక్కపక్కన పెట్టి, ఇంజన్ నంబరులో ఒక అంకె తక్కువుందని తిప్పి పంపాడు. తాత్కాలిక నంబరుకు ఇంకా రెండు రోజులే గడువుంది. అది దాటితే కారు ఇంటి ముందు నిలబడాల్సిందే. మూడో రోజు భూపాలపల్లిలో మా వియ్యంకుడి ఇంటికి కారులో వస్తానని నేను నెల ముందు నుంచీ ఫోన్లలో ఊదరగొట్టి ఉన్నాను. అప్పుడు నా నవ్వు ఆగింది.

బావా నేనూ జనగామ ఆఫీసుకు పోయాం. అక్కడి సారు రెండు దారులు చెప్పాడు. కారు కొన్నవాడు తప్పు చెప్పి ఉంటే, ఆఫీసు మనిషి వచ్చి బండి చూడాలి, వారం పడుతుంది. ఏజెంటు తప్పు రాసి ఉంటే సాయంత్రానికల్లా దిద్ది ఇస్తారు, కాకపోతే ఏజెంటు ఒప్పుకోలు రాసివ్వాలి, అది ఫైలులోకి ఎక్కుతుంది. "తప్పు ఎవరిదో చెప్పండి" అన్నాడు.

బావ నా వైపు చూశాడు. నేను ఫ్యాన్ వైపు చూశాను. నోరు తెరిస్తే వారం పోతుంది, వియ్యంకుడి ముందు పరువు పోతుంది. ఇట్లా లెక్కేసుకుంటుండగానే బావ పెన్ను తీశాడు. కుడి చెవి సరిగా వినిపించనందున అంకె వదిలివేశానని గుండ్రని అక్షరాలతో రాసిచ్చాడు. సారు చదివి, జాలిపడి, గొంతు పెంచి, "ఎప్పటి నుంచి ఇట్లా?" అని అరిచాడు. బావ కుడి చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఏంది సార్?" అన్నాడు. నాకు తెలిసి ఆయన వేసిన మొదటి వేషం అదే.

సాయంత్రం దిద్దిన కాగితం వచ్చింది. సున్నా వచ్చింది గానీ నా పేరు ముందు శ్రీమతి కూడా వచ్చింది. బావ అద్దాలు సవరించుకుని చదివి, "ఇగ మా చెల్లె పెనిమిటెవరురా?" అన్నాడు. మా చెల్లె అంటే నా పెళ్లాం. అది కూడా దిద్దించుకుని బయటపడేసరికి ఆఫీసు తలుపులు మూస్తున్నారు. మర్నాడు రిజిస్ట్రేషన్ చేయించుకుని, నేను భూపాలపల్లికి కారులోనే పోయాను. వియ్యంకుడు కారు చుట్టూ తిరిగి, రంగు బాగాలేదన్నాడు.

ఆ రోజు నుంచి జనగామ ఆఫీసులో బావతో అందరూ అరిచి మాట్లాడటం మొదలుపెట్టారు. అది నెమ్మదిగా యార్డుకు పాకింది. హమాలీలు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి పలకరించేవారు. బావ దీన్ని కొంత వాడుకున్నాడు కూడా. పెళ్లిళ్లలో మా పెదనాయిన మోకాళ్ల నొప్పుల కథ ఎత్తుకోగానే కుడి చెవి ఆయన వైపు తిప్పి హాయిగా బువ్వ తినేవాడు. అక్కకు మాత్రం ఇది అర్థం కాలేదు. "ఇంట్ల గుసగుస పెట్టినా ఇంటడు. బజార్ల పోంగనే చెవుడు వస్తదట, ఇదేం రోగంరా?" అని నన్నే అడిగేది. నేను సంచులు లెక్కపెడుతున్నట్టు నటించేవాణ్ని.

కానీ పాత బండ్లకు మళ్లీ బీమా రాయించడానికి ఫోన్‌లో నంబర్లు చెప్పే లారీల వాళ్లు ఒక్కొక్కరు తగ్గారు. చెవులు వినపడని మనిషికి నంబర్లు ఏం చెబుతామని వేరే ఏజెంట్ల దగ్గరకు పోయారు. బయ్యారం నుంచి ఎన్నో ఏళ్లుగా ఈయన దగ్గరే రాయించిన ఒకాయన కూడా మానేశాడు. ఆ రోజు బావ మా దుకాణంలో చాలాసేపు ఊరకే కూర్చున్నాడు. అప్పుడు చెప్పాను, అందరికీ నిజం చెప్పేస్తానని.

"నువ్వు చెప్తె ఎవలు నమ్ముతరురా? మల్ల ఆట పట్టిస్తున్నడంటరు" అన్నాడు. కోపంగా అనలేదు. నాకు అదొక సాకు దొరికింది. చెప్పకుండా ఇన్నాళ్లూ గడిపాను.

నిన్న దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. ప్రాణం ఏమన్నా మిగిలి ఉంటే పలుకుతాడేమోనని, పోయిన మనిషిని చెవిలో మూడుసార్లు పిలిచే చోటు అది. బావ కొడుకు నిప్పుకుండతో ముందు నిలబడ్డాడు. మొదట జనగామ నుంచి వచ్చిన బావ తమ్ముడు పిలిచాడు. యార్డు హమాలీ ఒకాయన వెనక నుంచి, "జర గట్టిగ పిలువుండ్రి, ఆయనకు ఇనపడది" అని అరిచాడు. రెండో పిలుపు పిలిచినాయన నిజంగానే కుడి చెవిలో అరిచాడు. మూడోది నన్ను పిలవమన్నారు.

నేను పాడె పక్కన కూర్చున్నాను. "ఇంకా గట్టిగ" అన్నాడు హమాలీ.

"బావకు చెవులు మంచిగనే ఇనపడ్తయి" అన్నాను, అందరికీ వినపడేటట్టు. "నంబరు తప్పు సదివింది నేను. కలిపి చూసిన అని చెప్పిన, చూడలే. ఆయన నా తప్పు మీదేసుకుండు."

డప్పుల వాళ్లు పుల్లలు గాల్లోనే ఆపారు. నేను వంగి, పక్కన కూర్చుని చాయ్ తాగే మనిషిని పిలిచినట్టు, మెల్లగా "బావా" అన్నాను. తర్వాత ఆ హమాలీ వచ్చి పాడె కొస పట్టుకుని, పక్కవాడికి మాత్రమే వినపడేంత మెల్లగా, "ఎత్తుండ్రి" అన్నాడు.