మిరపకాయల లారీకి చోటిచ్చిన కళ్లం

బరంపురానికి తొమ్మిది మైళ్ల ఇవతల నాకు ఒకసారి నిద్ర వచ్చింది. అందరికీ వచ్చేలాంటి నిద్ర కాదది. గుంటూరు నుంచి నా వెనకే నడిచి, తుని దగ్గర టాపు ఎక్కి, శ్రీకాకుళం దాటాక క్యాబిన్‌లోకి దిగి, ఇచ్ఛాపురం వచ్చేసరికి నా ఒళ్లో కూర్చున్న నిద్ర. అప్పుడు టైము పొద్దున్న తొమ్మిది. నేనో ఆవలింత తీస్తే, ఎదురుగా వస్తున్న బస్సు డ్రైవరు ముందు సొరంగం ఉందనుకుని లైట్లు వేశాడు.

నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. గుంటూరు నుంచి కలకత్తాకి ఎండుమిరపకాయలు తోలేవాణ్ణి. రోడ్డు ఇంకా నాలుగు లైన్లు కాలేదు. రెండు లారీలు ఎదురైతే, ఈ లారీ డ్రైవరు ఆ లారీ అద్దంలో మీసం దువ్వుకునేంత దగ్గరగా పోయేవి. ఆ ప్రయాణంలో క్లీనరుకు జ్వరం తగిలి ఏలూరులో వాళ్ల అక్క ఇంట్లో దిగిపోయాడు. క్లీనరుంటే ఒకరు పడుకుంటే ఒకరు కాపలా. లేకపోతే ఒక కన్ను పడుకోవాలి, రెండోది కాపలా కాయాలి. నా కళ్లు పుట్టినప్పట్నుంచీ ఉమ్మడి కుటుంబం. ఒకటి మూసుకుంటే రెండోది ఊరుకోదు.

ముందురోజు తెల్లవారుజామున రాజమండ్రి దాటాక రోడ్డు పక్కన ఓ అరగంట ఒరిగాను. ఆ అరగంటలో ఎవడో మహానుభావుడు టార్పాలిన్ కోసి, బస్తా చీల్చి, లోపల ఏముందోనని చెయ్యి పెట్టాడు. తెలిసింది. తెలిశాక అదే చేత్తో కన్ను నలుపుకున్నట్టున్నాడు. వాడు పెట్టిన కేకకి నేనూ లేచాను, గోదావరి అవతలి గట్టు మీద జనమూ లేచి ఉంటారు. వాడు పోయాడు. చీలిన బస్తా మిగిలింది. అక్కణ్ణుంచి నా లారీ ఏ ఊరు మీదుగా పోయినా ఆ ఊరంతా తుమ్మింది. మళ్లీ దారిలో ఒంటరిగా కన్ను మూయనని ఒట్టు పెట్టుకుని, ఆ పగలూ ఆ రాత్రీ తోలుకొచ్చాను.

ఇచ్ఛాపురం దాటాక ఒకచోట ఉలిక్కిపడి చూస్తే, బండి రోడ్డుకి కుడివైపున పోతోంది. ఎదురుగా సైకిలు మీద ఒక మనిషి, వెనక ఆయన భార్య, ఆవిడ ఒళ్లో చంటిపిల్ల. స్టీరింగు తిప్పేశాను. వాళ్లు పొలంలోకి దిగిపోయి నిలబడ్డారు. దెబ్బ తగల్లేదు. నేను చెప్పేదాంట్లో సగం కోతలేనని మా ఇంట్లోవాళ్లు అంటారు, నిజమే, కానీ ఆ ముగ్గురి ముఖాల దగ్గర నాకు కోతలు రావు. ఇంక బండి ఎక్కడో ఒకచోట ఆపి పడుకోవాలి, లేకపోతే ఎవరినో చంపుతాను. ఆ పూట నాకు తెలిసింది అదొక్కటే.

మాది బరంపురమే. మరి ఇంటికెళ్లి పడుకోవచ్చుగా అనొచ్చు మీరు. పగలు పెద్ద బళ్లను ఊళ్లోకి రానివ్వరు. రానిచ్చినా మా వీధి ఎంత ఇరుకంటే, ఎదురింటావిడ పోపు వేస్తే మా పప్పులో పడేది. అసలు ఆ తొమ్మిది మైళ్లూ కళ్లు తెరుచుకుని పోతానన్న నమ్మకమే లేదు.

మొదట ఒక పెట్రోలు బంకులోకి తిప్పాను. బంకువాడు చెయ్యి అడ్డంపెట్టి, "ఎఠి రఖ నాహి, ఎఠి రఖ నాహి" అని ఒడియాలో మొదలెట్టాడు. ఇక్కడ పెట్టొద్దని. మూడోసారి అనబోయి తుమ్మాడు. ఆ తుమ్ముకి వాడి టోపీ వెళ్లి డీజిలు పంపు మీద కూర్చుంది. అక్కడ ఇంక మాట్లాడేదేముంది. తరవాత ఒక భోజనాల హోటలు. తిన్నంతసేపూ బండి ఉంచుకోవచ్చట, చెయ్యి కడిగితే తియ్యాలట. నేను ముద్దకీ ముద్దకీ మధ్య ఎంత నిదానించానంటే, ప్లేటులో సాంబారు ఎండి నెర్రెలిచ్చింది. అయినా లేపేశారు. పోనీ రోడ్డు పక్కనే ఆపుదామంటే, అంచున మట్టి మెత్తన. చక్రం దింపగానే బండి ఒక పక్కకి ఒరిగి, కాలవలోకి తొంగిచూసింది.

రోడ్డు వేసినవాళ్లు బళ్లు పరిగెత్తడానికి వేశారు. బాగానే ఉంది. కలకత్తా దాకా పరిగెత్తే బండిలో ఉన్నది మనిషని, వాడికో నులకమంచమంత చోటు కావాలని ఎవరికీ తోచలేదు.

చికిటి వైపు తిరిగే దారి దాటాక, ఎడమచేతి పక్కన ఒక గడ్డివాము, దాని పక్కన చదునైన నేల కనిపించాయి. పేడతో అలికి, రోకళ్లతో దిమ్మిసా కొట్టిన గట్టి నేల. నా కళ్లకి అది విమానాశ్రయంలా ఆనింది. బండ్ల బాట మీదుగా దింపి, గడ్డివాము పక్కన ఆపి, ఇంజను కట్టేశాను. ఎవరినైనా ఓ మాట అడుగుదామని గడ్డివాము చుట్టూ తిరిగి అవతలికి వెళ్లాను.

అవతల కొండంత ధాన్యపు రాశి. కొండంటే మహేంద్రగిరి అనుకోండి, దానికి చెల్లెలు. చుట్టూ బూడిదతో గీసిన గీత. రాశి ముందు తలగుడ్డ చుట్టుకున్న ఒక రైతు, చేతిలో కుంచం. పక్కన ఆయన తల్లి కాబోలు, ఒక ముసలామె. గోనెలు పట్టుకుని ముగ్గురు కూలీలు, ఇద్దరు మగవాళ్లు, ఒక ఆడమనిషి. ఒక్కరూ మాట్లాడరు, కదలరు. నిద్రలోనే ఏదో పటం చూస్తున్నానేమో అనుకున్నాను.

అప్పుడు వెలిగింది. అది కళ్లం. వాళ్లు రాశి కొలుస్తున్నారు. కొలత సాగుతుండగా ఎవరూ మాట్లాడకూడదు. నేను చెప్పులు విప్పేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

రైతు కుంచం నిండా ముంచి ఎత్తి, "లాభం" అన్నాడు. మావైపు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఆ లాభం ఇంకా గోనెలో పడకముందే కూలీల్లో ఒకడు తుమ్మాడు.

కుంచం ఆగిపోయింది. రైతు ధాన్యం మళ్లీ రాశిలో పోసేశాడు. అందరూ కింద కూర్చున్నారు. తలో గుక్క నీళ్లు తాగారు. లేచారు. "లాభం." ఈసారి ఆడమనిషి తుమ్మింది. మళ్లీ కూర్చున్నారు, నీళ్లు తాగారు, లేచారు. మూడోసారి కుంచం ముంచాక తుమ్మింది రైతే. చెంబులో నీళ్లయిపోయాయి.

అప్పుడందరూ తల తిప్పి నన్ను చూశారు.

"ఏటి బాబూ, ఆ బండిలో ఏటున్నాది?" అన్నాడు రైతు.

"ఎండుమిరపకాయలు మావా."

"ఓలమ్మో! అదా! అందుకేటి నా ముక్కు కుంపటైపోనాది!" అంది ఆడమనిషి.

రైతు తలగుడ్డ తీసి నేలకేసి కొట్టాడు. "తియ్ బాబూ, ఎంటనే తియ్. ఏడాది పంట. రాసి ముందర మూడు ఒంటి తుమ్ములు పడిపోనాయి. ఇంక నానిది గాదెలో ఎలాగేసుకుంటాను, ఎలాగ తింతాను?"

"నోరు ముయ్యరా!" అంది ముసలామె. ఆవిడ మనిషి చేటంత, గొంతు మాత్రం పులకి పాఠం చెప్పేటంత. "రాసి కాడికొచ్చినోడ్ని పో అంతావేటి? మీ అయ్య ఏనాడైనా అన్నాడా ఆ మాట?"

"మనిసిని పో అన్లేదే అమ్మా. బండిని తియ్ అన్నాను."

"బండి లేకుండా మనిసెలాగెల్తాడ్రా, నీ తెలివి తగలెయ్య! కొలిసినపుడు కల్లంలోకొచ్చినోడు ఉత్తి సేతుల్తో ఎల్లకూడదు. ముందు ఆడికి సేట్తో గింజలెట్టు. ఆడే ఎల్తాడు."

ఆడమనిషి చేట నిండా ధాన్యం తీసి నా ముందుకు చాపింది. నేను తీసుకోలేదు. తీసుకుంటే వెళ్లిపోవాలి. వెళ్తే మళ్లీ ఆ రోడ్డు. ఆ సైకిలు మీద మనిషి, ఆ చంటిపిల్ల.

"నాకు గింజలొద్దమ్మా," అన్నాను. "పెడితే నిద్ర పెట్టండి."

కళ్లమంతా ఒక్కసారి నవ్వింది. "సూసినావేటే, నిద్దర పెట్టాలట! కొలిసి పెట్టమంతాడేటి, తూసి పెట్టమంతాడేటి?" అన్నాడొక కూలీ. ముసలామె మాత్రం నవ్వలేదు. దగ్గరికి వచ్చి నా గెడ్డం పట్టి ముఖం ఎండకి తిప్పింది.

"ఎన్నాళ్లయినాదిరా తొంగోని?"

"రెండ్రోజులమ్మా. ఇందాక ఓ సైకిలుమీదకి ఎక్కించీబోనాను. పిల్లున్నాది దాని మీద."

నిజానికి ఒకటిన్నర రోజు. ధాన్యపు రాశి దగ్గర నిలబడి ఎవరైనా తక్కువ కొలుస్తారా?

ఆవిడ నా గెడ్డం వదిలేసింది. వంగి చారెడు తాలు తీసుకుని, చేతులెత్తి గాల్లోకి వదిలింది. తాలు మెల్లగా లారీవైపు నుంచి రాశివైపుకే వచ్చి పడింది. డెబ్భై ఏళ్లు తూర్పారబట్టిన చేతులవి. ఆవిడ ముందు గాలికి కూడా దొంగతనంగా పోవడం కుదరదు.

"ఇప్పుడు పడమర గాలి. బండిని ఇటేపు, తూరుపుకట్టు ఎట్టమను. మజ్జాన్నం సముద్రం మీంచి ఉప్పుగాలి తిరుగుతాది, అప్పుడు మల్లీ ఇటే కొడతాది. ఈలోగా మనం కొలిసెయ్యాల. ఏటిరా, సేతులాడతాయా?"

"ఆడక సత్తాయేటి," అన్నాడు రైతు, తలగుడ్డ దులుపుకుంటూ. "మరి ఆ మూడు తుమ్ములూ?"

"ఆట్ని నాను సూసుకుంతాను. నువ్వు బండి తిప్పించు."

నేను బండిని తూర్పువైపు, చింతచెట్టు దాపుకి మళ్లించాను. తిరిగి చూసేసరికి రైతు నా క్యాబిన్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ముఖంలో ఏదో మొహమాటం. ఇంతవరకూ నన్ను తరిమిన మనిషి.

"ఓ కాయియ్యి బాబూ."

"ఏటి కాయ మావా?"

"మిరపకాయ. ఒంటి తుమ్ము సెడ్డది, జంట తుమ్ము మంచిది కదేటి. తుమ్మినోలందరిసేతా రెండోది తుమ్మించీమంది మాయమ్మ."

చీలిన బస్తాలోంచి గుప్పెడు తీసి ఇచ్చాను. క్యాబిన్‌లో కూర్చుని చూశాను ఆ శాంతి. మొదట కూలీ ముక్కు కింద కాయ చిదిమారు. వాడు బుద్ధిగా ఒకటి తుమ్మాడు, లెక్క సరిపోయింది. ఆడమనిషికీ ఒకటి వచ్చింది, ఆవిడదీ తేలింది. చిక్కంతా రైతుతోనే. ఆయన తుమ్మడం మొదలెట్టి ఆపలేదు. ముసలామె వేళ్లు మడిచి లెక్కపెడుతోంది. రెండు, మూడు, నాలుగు. ఏడు దగ్గర ఆగాడు. అందరి ముఖాలూ మాడిపోయాయి. ఏడంటే బేసి.

"ఒరే, సచ్చినోడా, ఇంకోటి!" అని అరిచింది తల్లి. "ఇంకొక్కటి తుమ్మరా నాయనా!"

ఆయన ఆకాశంవైపు చూశాడు, నోరు తెరిచాడు, మూశాడు. కూలీలు ఊపిరి బిగబట్టారు. నేనూ బిగబట్టాను. అప్పుడు వచ్చింది ఎనిమిదోది. ఆ తుమ్ముకి గడ్డివాము మీది కాకులు లేచి దిగపహండి వైపు పోయాయి. సాయంత్రం దాకా తిరిగి రాలేదని కూడా రాయగలను, కానీ అప్పటికి నేను మెలకువగా లేను.

"లాభం" అని వినిపించింది. "రెండు" అన్నట్టు గుర్తు. మూడు నాకు తెలియదు.

నిద్ర లేచేసరికి ఎండ నా కాళ్లమీద నుంచి ముఖం మీదికి వచ్చింది. ఎక్కడున్నానో తెలియలేదు. తెలియగానే తలుపు తోసుకుని దిగి చూశాను. టార్పాలిన్ కట్టినట్టే ఉంది. డీజిలు ట్యాంకు మూత బిగించే ఉంది. చక్రాలు ఆరూ ఉన్నాయి. రాశి మాత్రం లేదు. ఆ చోట నోళ్లు కుట్టిన గోనెలు, వాటికీ నా బండికీ మధ్య నులకమంచం, దాని మీద కర్ర ఒళ్లో పెట్టుకుని రైతు. ఆయన ముక్కు టమాటా పండులా ఉంది.

"ఎంతసేపయినాది మావా?"

"ఉప్పుగాలి తిరక్కముందే కొలతైపోనాది. నువ్వింకా ఓ ఆమడ దూరం తొంగున్నావు." ఆయన చుట్ట ముట్టించాడు. "మద్దిలో ఎవడో రబ్బరు గొట్టం, డబ్బా పట్టుకుని నీ బండి కాడికొచ్చినాడు. ఏటి కావాలన్నాను. దారి తప్పీసినానన్నాడు. గొట్టం పట్టుకుని దారి తప్పుతారేటి ఎవులైనా?"

"నా కోసం కూకున్నావా ఇంతసేపూ?"

"నీ కోసమేటి? గోన్లకెలాగా కాపలా ఉండాల. మంచం నాలుగడుగులు ఇటు జరిపినాను, అంతే."

ఆయనకు అది అంతే. నాలుగేళ్లుగా ఆ రోడ్డు మీద తిరుగుతున్నవాణ్ణి నేను. ఎండుమిరపకాయలకీ, డీజిలుకీ, నాకూ కలిపి క్లీనరు కాని మనిషొకరు కాపలా కూర్చుంటే రెండు కళ్లూ మూసి పడుకోవడం అదే మొదటిసారి. ఏదో చెప్పాలనుకున్నాను. ముక్కు తుడుచుకుని, మిరపకాయల ఘాటని సర్దుకున్నాను.

ముసలామె చేటతో వచ్చింది. పొద్దున నేను తీసుకోని ధాన్యం. నిద్ర పెట్టారు కదమ్మా, చెల్లయిపోయింది అన్నాను. "నిద్దర నీదిరా, మాదేటి ఇచ్చినాం? తువ్వాలు పట్టు" అంది. పట్టాను.

బరంపురం పొలిమేరలో రైలు గేటు పడింది. నా ముందు పదకొండు లారీలు. నూట పదకొండని రాద్దామనుకుని, ఇవాళ్టికి వద్దులే అనుకున్నాను. గూడ్సు బండి వెళ్లిపోయింది, గేటు లేచింది, ముందు బండి కదలదు. దిగి వెళ్లి చూస్తే, దాని డ్రైవరు స్టీరింగు మీద తల వాల్చి నిద్రపోతున్నాడు. రెండో బండిలోనూ అంతే. మూడోవాడు కళ్లు తెరిచే నిద్రపోతున్నాడు. వెనకనున్న బస్సు హారను మోగిస్తూనే ఉంది.

నేను ఒక్కో క్యాబిన్ తలుపూ తట్టి, "అన్నా, గేటు తీసీసినారు, లెగు" అంటూ పోయాను. నాలుగోవాడు లేచి, ఇంత ఒళ్లు విరుచుకుని, "ఇక్కడెక్కడైనా బండి ఎట్టుకోనిత్తారేటి అన్నా?" అన్నాడు.

వచ్చిన దారి చూపించాను. చికిటి మలుపుకి ఇవతల, చింతచెట్టు. కళ్లంలోకి వెళ్లేముందు చెప్పులు విప్పమని చెప్పాను. బండిలో సరుకేమిటని అడిగాను. సిమెంటన్నాడు. అయితే ఫరవాలేదన్నాను.