వీర్రాజు కూర్చోబెట్టిన మిలిటరీ బండి

పాత మిలిటరీ రంగు కాలితే ఒక వాసన వస్తుంది. ఇప్పటి బండ్ల రంగు కాలితే కమురు తప్ప ఇంకేమీ ఉండదు. ఆ ముదురాకుపచ్చ రంగు అలా కాదు. దాని పొరల్లో ఎన్నేళ్లదో గ్రీజు, దుమ్ము, వానకు నానిన తుప్పు అన్నీ కలిసి ఉంటాయి. నిప్పు తగలగానే ఒక్కసారిగా లేచి, ముక్కులోంచి నేరుగా నెత్తికెక్కుతుంది. మొన్న సాగర్ రోడ్డులోని మా షెడ్డుకు ఎవరో పాత జీపు తోలుకొచ్చారు. మా వెల్డర్ దాని తలుపు మీద మంట పెట్టాడు. నేను అవతల కుర్చీలో చాయ్ తాగుతున్నాను. ఆ వాసన తగలగానే గ్లాసు కింద పెట్టేశాను. లోపల ఎప్పటిదో మంట మళ్లీ అంటుకుంది. ఆ మంట పేరు వీర్రాజు.

మీకు వీర్రాజు తెలియదు. తెలిసి ఉంటే మీరూ ఆయన్నే మెచ్చుకునేవాళ్లు, అప్పుడు మీ మీద కూడా నాకు కోపం వచ్చేది. కాబట్టి తెలియకపోవడమే ఇద్దరికీ మంచిది. మాది పోచంపల్లి పక్క నేత ఇల్లు. ఎనిమిదో తరగతిలో నేనూ బడీ ఒకరినొకరం భరించలేక రాజీ మీద విడిపోయాం. ఆ తర్వాత నన్ను భరించింది యాదగిరి సేఠ్. ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటాక హైవే పక్కన ఆయనకు లారీలకు బాడీలు కట్టే షెడ్డు ఉండేది. అందులో నేను మేస్త్రిని. పని బాగా చేసేవాణ్ణి, నోరు ఇంకా బాగా చేసేది. పనికి రెండు రోజులు ఆలస్యమైనా, వచ్చిన ఆసామి నవ్వుకుంటూ వెనక్కి పోయేవాడు. షెడ్డు అంటే మల్లేశ్, మల్లేశ్ అంటే షెడ్డు అని నాకొక నమ్మకం ఉండేది. ఆ నమ్మకం మీద హాయిగా నిద్రపోయేవాణ్ణి.

ఉద్యమం రాజుకున్న రోజుల్లో ఒక పొద్దున వీర్రాజు వచ్చాడు. మండపేట వైపు మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని భార్యతో దిగాడు. బక్కపలచని ఒళ్లు, పొడుగు వేళ్లు, ఎవరేమన్నా ముందు "ఆయ్" అనే అలవాటు. వస్తూనే పనిముట్లు అడగలేదు. నేను అప్పుడే ముగించిన లారీ క్యాబిన్ దగ్గరికి పోయి, రేకు మీద వేలి కణుపుతో కొడుతూ, చెవి ఆనించి వింటూ, చుట్టూ తిరిగాడు.

"ఏంది సార్, లోపల ఎవరన్న ఉన్నరా? తలుపు తియ్యమంటవా?" అన్నాను. షెడ్డంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ వీర్రాజు నవ్వాడు. నా జోకుకు అంత మనస్ఫూర్తిగా నవ్వినవాణ్ణి నేను అంతకు ముందు చూడలేదు. వేళాకోళం చేసినప్పుడు ఎదుటివాడు ముడుచుకోవాలి. విరగబడి నవ్వితే మనకు మిగిలేదేముంది? నవ్వు ఆగాక ఆయన మెల్లగా అన్నాడు. "ఈ మూల ఒక వెల్డింగు లోపలికి దిగలేదండి, మల్లేశు గారూ." విప్పి చూస్తే నిజమే. దానికన్నా ఆ 'గారు' నన్ను ఎక్కువ కుదిపింది. అప్పటిదాకా మా అత్తగారింట్లో కూడా నన్ను ఎవరూ 'గారు' అనలేదు.

నెల తిరక్కుండా నా షెడ్డు నా చేతిలోంచి జారిపోవడం మొదలైంది. సేఠ్ నన్ను పిలవాల్సిన చోట "వీర్రాజును అడుగుండ్రి" అనేవాడు. నేను బిస్కెట్లు పెట్టి పెంచిన కుక్క ఆయన కాళ్ల దగ్గర పడుకునేది. ఒకనాడు ఆయన భార్య మా ఇంటికి పూతరేకులు పంపింది. మా ఆవిడ తింటూ, "పాపం, వీర్రాజు ఎంత మర్యాద మనిషో! నువ్వు జర నేర్చుకోరాదు" అంది. పూతరేకు నోట్లో వేసుకుంటే కరిగిపోయింది గానీ ఆ మాట కరగలేదు. ఆయన చేసిన ప్రతి అతుకునూ దొంగచూపులు చూసేవాణ్ణి, ఎక్కడైనా ఒక వంకర దొరుకుతుందేమోనని. వంకర దొరకలేదు. వెతకడంలో మాత్రం నా కన్ను పదునెక్కింది. అప్పుడు ఆ సంగతి నాకు తెలియదు.

అలాంటి రోజుల్లో ఆ మిలిటరీ బండి వచ్చింది. మూసారాంబాగ్‌లో టెంట్‌హౌస్ నడిపే నర్సింగన్న దాన్ని ఎక్కడో తోటలో, లోపల కోళ్లు గుడ్లు పెడుతుండగా చూసి కొన్నాడట. పాత కాలపు ట్రక్కు. గుండ్రటి బానెట్టు, కప్ప కళ్లలాంటి లైట్లు, చేత్తో కొడితే గంటలా మోగే మందపాటి రేకు. కింది భాగం మాత్రం పూర్తిగా పోయింది. ఇంజను పట్టేసింది, ఇరుసులు వంగాయి, వెన్నెముకలాంటి చాసిస్ పొరలుపొరలుగా రాలుతోంది. నర్సింగన్న ఇంజనుతో సహా ఒక కొత్త గూడ్సు బండి చాసిస్ కొన్నాడు. దాని మీద ఈ పాత బాడీని ఎక్కించాలి.

"ఉద్యమం ఊరేగింపులన్నిట్ల ముంగట గిదే నడవాలె. తెలంగాణ ఒచ్చిన్నాడు గీ బండి మీదనే నిలబడి పోత," అన్నాడు మీసం దువ్వుతూ.

సేఠ్ అప్పుడే సాగర్ రోడ్డులో రెండో షెడ్డు తెరిచే ప్రయత్నంలో ఉన్నాడు. ఈ బండి ఎవరు నిలబెడితే ఆ షెడ్డు వాళ్లదేనని అందరి ముందూ చెప్పాడు. నా జన్మలో నేను గట్టిగా కోరుకున్నది ఆ ఒక్కటే.

కొలతలు తీశాం. కొత్త చాసిస్ జానెడు పొడుగు. బాడీని దాని మీద పెడితే వెనక చక్రం, చక్రం గూట్లో కూర్చోకుండా వెనక్కి పోతుంది. నేను వెంటనే చెప్పాను. "గూడు కోసి వెనకకు జరుపుదం. నాలుగు రోజుల పని." వీర్రాజు చాలాసేపు బండి చుట్టూ తిరిగాడు. తర్వాత అన్నాడు. "కొయ్యాల్సి వస్తే కొత్తదాన్ని కోద్దామండి. చాసిస్ పాడైతే బజార్లో ఇంకోటి దొరుకుతుంది. ఈ రేకు మళ్లీ ఎవడు పోస్తాడు? వెనక ఇరుసునే జానెడు ముందుకు జరుపుదాం." అది ఎంత సరైన మాటో విన్న క్షణంలోనే నాకు తెలిసిపోయింది. నాకెందుకు తట్టలేదన్నదే బాధ. పరాయివాడి నోట్లోంచి మన మాట వినడం కంటే పెద్ద దొంగతనం లేదనిపించింది.

అప్పుడు నర్సింగన్న గొంతు లేచింది. "ఏందిరో యాదగిరీ, తెలంగాణ బండికి ఆంధ్రోనితోని పని చేయిస్తవా? జనం నా మొకం మీద ఉమ్ముతరు."

వీర్రాజు తల వంచుకుని టేపు చుట్టుకుంటున్నాడు. అందరూ నా వైపు చూశారు. ఇలాంటి చోట మాట వేసేది నేనే కదా. నేను ఒక్కసారి తల ఊపితే బండి నాది, కొత్త షెడ్డు నాది, కుక్క కూడా నాదే. కానీ నా నోరు నాకన్నా ముందు పుట్టింది. మంచి జోకు కనిపిస్తే యజమానిని అడగదు. "అన్నా, చాసిస్ తమిళనాడుల తయారైంది. టైర్ల రబ్బరు కేరళది. బాడీ ఢిల్లీ సర్కారుది. గీ మొత్తం బండిల తెలంగాణది ఏమన్న ఉన్నదంటే, నువ్వొక్కనివే," అన్నాను.

సేఠ్ కడుపు పట్టుకుని నవ్వాడు. నర్సింగన్న నవ్వొద్దు నవ్వొద్దు అనుకుంటూనే నవ్వేశాడు. "సరే తీయ్, చెయ్యనియ్," అన్నాడు. అంతే. ఒక్క జోకుతో నా షెడ్డును నా చేతుల్తోనే వీర్రాజు ఒళ్లో పెట్టాను. అది మంచితనమని ఎవరైనా అంటే నాకు సిగ్గేస్తుంది. ఆ సాయంత్రం ఇంటికి పోయి నా నోటిని నేనే తిట్టుకున్నాను, అదే నోటితో.

పని నడిచింది. వీర్రాజు చేస్తుంటే నేను అందిస్తూ, లోపల మండుతూ నిలబడ్డాను. ఇరుసు జరిపాడు. చాసిస్‌కూ బాడీకీ మధ్య మరో సన్నటి ఇనుప చట్రం కట్టాడు. దాని పైవైపు రంధ్రాలు పాత బాడీకి సరిపోతాయి, కిందివైపు కొత్త చాసిస్‌కు. "ఇదేందిది?" అని అడిగితే, "పెళ్లి మాటల్లో పెద్దమనిషిలాంటోడండి. రెండు పక్కలా సర్దిచెప్తాడు," అన్నాడు. జోకులు కూడా మొదలుపెట్టాడా అని నాకు ఇంకో మంట. గొలుసు కప్పీలతో బాడీని దించే రోజు కొబ్బరికాయ కొట్టాం. ఆకుపచ్చ గుడారం ఆకాశంలోంచి దిగినట్టు దిగి, గూళ్లు చక్రాల మీద సరిగ్గా కూర్చున్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నావి కూడా చప్పుడు చేశాయి. చేతులకు బుద్ధి ఉండదు.

అయితే ఆయన బోల్టులు బిగించలేదు. చేత్తో తిప్పగలిగినంత తిప్పి వదిలేశాడు. "బాడీకి ఈ చాసిస్ కొత్త. బరువేసి, కొంత దూరం తిప్పి, ఒకదాని నడక ఒకదానికి అలవాటయ్యాక బరువు మీదుండగానే బిగించాలండి. ఖాళీ బండికి బిగిస్తే, మనుషులెక్కిన రోజు ఎక్కడో పగులుద్ది." బరువంటే ఇసుక బస్తాలు. మర్నాడే ఊరేగింపు. బరువెయ్యాల్సిన రోజేమో బంద్. ఇసుక ట్రాక్టర్లు లేవు. మూసారాంబాగ్‌లో నర్సింగన్న కడుతున్న ఇంటి ముందు ఇసుక కుప్ప ఉంది, అక్కడికే బండిని తోలుకుపోదామన్నాడు వీర్రాజు. సేఠ్ భయపడ్డాడు. "మనుషుల సంగతి నాకొదిలెయ్యి సేఠ్," అన్నాను. ఇనుము దగ్గర ఓడిపోయినా మనుషుల దగ్గర నేనే కదా మేస్త్రిని.

కొత్తపేట దగ్గర రోడ్డు మధ్యన పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు. వందలమంది జనం. మా బండి కనిపించగానే ఎవరో "మిలిటరీ దిగింది!" అని కేకేశారు. సగం మంది గల్లీల్లోకి ఉరికారు. దగ్గరికి పోయాక, లోపల ఉన్నది నూనె బట్టల మేమిద్దరమని తెలిసింది. భయపడి ఉరికినవాళ్లకు వచ్చే కోపం అందరి కోపం కంటే పెద్దది. బండిని చుట్టుముట్టారు. "ఎవర్రా మీరు? బంద్ రోజు బండెట్ల తీసిన్రు?" అన్నాడు ముందున్న మనిషి, అద్దం మీద గుద్దుతూ. నేను నోరు తెరిచాను. "అన్నా..." అన్నాను. మళ్లీ "అన్నా..." అన్నాను. జీవితంలో మొదటిసారి నా నాలుక మీద ఏమీ లేదు.

ఆయన వీర్రాజు వైపు తిరిగాడు. "నువ్వేంది, మాట్లాడవ్? ఏ ఊరు నీది?"

"మండపేట పక్కనండి," అన్నాడు వీర్రాజు. ఇక అయిపోయింది అనుకున్నాను. ఆయన మాత్రం తలుపు తీసి కిందికి దిగాడు. "ఆయ్, ఇది మీ బండేనండి. రేపు ఊరేగింపులో ముందుండేది ఇదే. బోల్టులు ఇంకా బిగించలేదు. బిగించాలంటే బరువు కావాలి. ఇసక కోసం బయల్దేరాం. మీరింతమంది ఉన్నారు కదండీ, కాస్త ఎక్కుతారేటి?"

పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్న ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓయమ్మా! మనల్ని ఇసుక బస్తాలనుకున్నడే ఈ పోరడు!" అంది. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకింది. అద్దం గుద్దినాయనే ముందు ఎక్కాడు. తర్వాత ఎక్కడానికి చోటు లేదు. జెండాలు, డప్పులు, నినాదాలు, అన్నీ కలిసి ఆ పాత బాడీలో కిక్కిరిశాయి. నేను నడక వేగంతో నడిపాను. వీర్రాజు వెనక బండి నేల మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. దిల్‌సుఖ్‌నగర్ దాకా పోయి, తిరిగొచ్చి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ దగ్గరికి వచ్చాక, "ఇక్కడ ఆపండి మల్లేశు గారూ, కూర్చుంది," అన్నాడు. "ఎవరూ దిగకండి, ఎగరకండి. నినాదాలు నిలబడి ఇచ్చుకోండి," అంటూ స్పానర్ పట్టుకుని బండి కిందికి దూరాడు. వెనకే నేనూ దూరాను.

మా మీద పాత ఇనుము, దాని మీద అంతమంది మనుషులు. మామిడిపళ్ల వాసనకు గ్రీజు వాసన కలిసింది. ఒక్కో బోల్టు బిగిస్తూ ఆయన అన్నాడు. "నిజం చెప్పాలంటే వణుకొచ్చేసిందండి. మీ నోరు నాకుంటే అనుకున్నాను." నాకు ఉక్రోషం ఆగలేదు. "నా నోరు తీస్కో. నీ చెయ్యి నాకిస్తవా?" అన్నాను.

ఆయన కొంచెంసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "ఇవ్వనండి," అన్నాడు.

ఆ ఒక్క మాటకు ఆయన మీద నాకు మొదటిసారి ఇష్టం కలిగింది. వినయం చూపించి 'తీసుకోండి' అని ఉంటే నేనేమైపోయేవాణ్ణో తెలియదు. తన పని విలువ తనకు తెలిసినవాడు, దాన్ని మర్యాద కోసం కూడా తక్కువ చేసి చెప్పనివాడు నా పక్కన వెల్లకిలా పడుకుని ఉన్నాడు. "మరి నేర్పుతవా?" అన్నాను. "అది అడగాల్సింది మీరు కదండీ, ఇన్నాళ్లు అడగలేదు," అని స్పానర్ నా చేతిలో పెట్టాడు.

కొత్త షెడ్డు ఆయనకే వచ్చింది. నేను ఆయన కింద రెండో మేస్త్రిగా చేరాను. రేకు చప్పుడు వినడం, అరచేతితో నేలను చదవడం, కొయ్యాల్సింది ఏదో కొయ్యకూడనిది ఏదో తెలుసుకోవడం అక్కడే నేర్చుకున్నాను. మండడం మానలేదు. మండుతూనే నేర్చుకున్నాను. రాష్ట్రం వచ్చిన రోజు నర్సింగన్న అన్న మాట ప్రకారం ఆ బండి మీద నిలబడి పోయాడు. జనం ఆయన్ని చూశారు. మేమిద్దరం రోడ్డు పక్కన నిలబడి, గూళ్లలో చక్రాలు తిరగడం చూశాం. తర్వాత వీర్రాజు బావమరిది మండపేటలో షెడ్డు పెట్టి తోడు రమ్మన్నాడు. ఎవరూ పొమ్మనలేదు, ఆయనే పోయాడు. ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కించడానికి వెళ్లినప్పుడు, "షెడ్డు నాకే ఇస్తుండు సేఠ్. గెలిచి తీస్కుంటే బాగుండె," అన్నాను. "గెలవలేరు గదండీ," అన్నాడు కిటికీలోంచి, నా దగ్గర నేర్చుకున్న నవ్వుతోనే.

మొన్నీమధ్య రాజమండ్రి నుంచి ఒకాయన తన బండి తెచ్చాడు. నాలుగు రోజులయ్యాక మాటల్లో, ఇంత దూరం ఎందుకొచ్చారంటే, వీర్రాజు గారు మీ దగ్గరికి పంపారన్నాడు. "నా గురించి ఏమన్నడు?" అని అడిగాను. "బాగా నవ్విస్తారన్నారండి," అన్నాడు. "పని గురించి?" అన్నాను. ఆయన గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. "పని గురించి ఏమీ అన్లేదండి."

ఆ బండి పని అప్పటికే అయిపోయింది. సాయంత్రం తీసుకుపోవచ్చని చెప్పి ఉన్నాను. ఇంకో రెండు రోజులు ఆగమన్నాను. కుర్రాళ్లు విస్తుపోయి చూస్తుంటే బోల్టులన్నీ విప్పించి, బరువు ఎక్కించి, ఆ రాజమండ్రి ఆయన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకుని, నేనే వెనక నేల మీద అరచెయ్యి ఆనించి కూర్చుని, ఊరంతా తిప్పించాను. మొదటిసారి బిగించినప్పుడే అంతా సరిగ్గా ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. మండపేటలో ఉన్నాయనకు కూడా తెలియాలి కదా!