కట్టు వాసన

2020 వేసవిలో, షార్జా అల్ నహ్దాలోని మా ఫ్లాటే నాకు బడి కూడా అయింది. పెద్ద తరగతుల పిల్లలకు బయాలజీ చెప్పేదాన్ని. హాల్లో టేబుల్ మీద లాప్‌టాప్, పక్క గదిలో మంచం మీద మావారు. ఆయనకు షుగరు. కొత్త బూటు కరిచి ఎడమ కాలి చిటికెన వేలి దగ్గర పుండు పడింది. రోజూ పొద్దున్నే కట్టు మార్చేది నేనే.

ఆ రోజు కట్టు విప్పగానే వాసన వచ్చింది.

"ఆసుపత్రికి వెళ్దామండీ," అన్నాను.

"ఇప్పుడక్కడికెళ్తే లేని రోగం అంటుకుంటుంది. అయినా నీకు వాసన తెలుస్తోందంటే కరోనా లేనట్టేగా," అని నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. క్లాసుకి టైమైపోతోందని కొత్త కట్టు కట్టి వచ్చి కూర్చున్నాను.

డీఎన్ఏని మొదట ఎలా కనుక్కున్నారన్నది ఆనాటి పాఠం. నూట యాభై ఏళ్ల కిందట చెవులు సరిగా వినపడని ఓ కుర్ర డాక్టరు, రోగుల్ని చూడటం కష్టమని జర్మనీలో ఒక ప్రయోగశాలలో చేరాడు. ఆసుపత్రి నుంచి చీము పట్టిన కట్లు తెప్పించుకుని, కడిగి, ఆ చీములోని తెల్లకణాలను వేరుచేసేవాడు. వాటి కేంద్రకాల్లో అప్పటిదాకా ఎవరికీ తెలియని పదార్థం దొరికింది. ఏటా చెప్పే పాఠమే. ఆ రోజు మాత్రం చీము మాట వచ్చినప్పుడల్లా నా చూపు పక్క గది వైపు పోయింది.

"కుళ్లు వాసన వచ్చే కట్లను పక్కన పడేసేవాడు. వాటిలో కణాలు అప్పటికే పాడైపోయి ఉంటాయి," అన్నాను.

ఒకమ్మాయి మైకు ఆన్ చేసింది. "మరి ఆ కట్లు ఎవరివో, వాళ్లేమయ్యారు మ్యామ్?"

నాకు తెలియదు. ఆ మాటే చెప్పి, క్లాసు మధ్యలోనే ఆపేసి, కారు తాళాలు తీసుకున్నాను.

"లేవండి," అన్నాను. నా మొహం చూసి ఆయన ఎదురు చెప్పలేదు.

ఆసుపత్రిలో ఆయన్ను చక్రాల కుర్చీలో లోపలికి తీసుకెళ్లారు. నన్ను రానివ్వలేదు. పార్కింగులో కారులోనే కూర్చున్నాను. ఫోను మోగేసరికి కంగారులో చేతిలోంచి జారి సీటు కింద పడింది. వెతికి తీసేలోపు ఆగిపోయింది. నేనే తిరిగి చేశాను.

"ఉంగ్లీ నికాల్నీ పడేగీ. పైర్ బచ్ జాయేగా," అంది డాక్టరమ్మ. వేలు తీసేస్తే పాదం దక్కుతుందట. ఇంకొంచెం ఆలస్యమైతే ఆ మాట కూడా చెప్పలేకపోయేదాన్నంది. తీసేయమన్నాను.

సాయంత్రం ఆయనే ఫోన్ చేశారు. "ఒక్క వేలేనోయ్ పోయింది. నువ్వింటికెళ్లు."

సరేనన్నాను గానీ వెళ్లలేకపోయాను. కారు తీసి, ఆసుపత్రి చుట్టూ తిరిగి, మళ్లీ అదే పార్కింగులోకి వచ్చి ఆపాను.