ఎడమ స్టీరింగు కారు, కుడి సీటు మనిషి

పన్నెండేళ్ళు జనం పళ్ళు పీకి, పుచ్చులు నింపి కూడబెట్టిన డబ్బుతో పోయిన వేసవిలో ఒక స్పోర్ట్స్ కారు కొన్నాను. కొత్తది కాదు, హైదరాబాదులో ఒకాయన మూడేళ్ళు వాడి విసుగెత్తి అమ్మేసింది. రెండే తలుపులు, రెండే సీట్లు. కరీంనగర్‌లో మా గల్లీ గల్లీ అంతా వచ్చి చూసి పోయింది. "డాక్టరమ్మా, కూరగాయల సంచి ఏడ పెడ్తవ్ ఇండ్ల?" అని అడిగింది పక్కింటి పెద్దమ్మ. అదేం నన్ను బాధ పెట్టలేదు కానీ, మా మేనమామ గంగారెడ్డి అన్న మాట మాత్రం గుచ్చుకుంది. కారు చుట్టూ ఒకసారి తిరిగి, "మంచిగనే ఉంది బిడ్డా. గని నా ఎర్ర బండి ముందల ఇది ఆట బొమ్మ," అని చేతులు దులుపుకున్నాడు.

మామ ఎర్ర బండి కూడా ఇదే కంపెనీది, ఇదే పేరున్నది, కాకపోతే నలభై ఏళ్ళ పాతది. గోదావరిఖని వైపు పనికి వచ్చిన ఒక విదేశీ ఇంజినీరు తన దేశానికి తిరిగి పోతూ దాన్ని అమ్మేశాడు. దాని స్టీరింగు ఎడమవైపు ఉండేది. మన రోడ్ల మీద అలాంటి బండిలో ఒక చిక్కు ఉంది. నడిపేవాడు రోడ్డు అంచు వైపు కూర్చుంటాడు కాబట్టి ముందు లారీ ఉంటే దాని అవతల ఏముందో అతనికి కనిపించదు. కుడి సీట్లో కూర్చున్న మనిషి మెడ చాచి చూసి "పో" అనాలి, లేదా "ఆగు" అనాలి. మామకు ఆ పని చేసిపెట్టిన మనిషి జైనూర్ మెకానిక్ విఠల్. చిన్నప్పుడు లారీ మీద క్లీనరుగా పని చేసినవాడు, సైడు చెప్పడంలో అతన్ని మించినవాడు లేడనేవాళ్ళు. పత్తి వ్యాపారం మీద మామ ఆదిలాబాద్ జిల్లా అంతా అతన్ని పక్కన పెట్టుకునే తిరిగాడు.

పంతొమ్మిదేళ్ళ కింద జైనూర్ దగ్గర్లోనే ఒక బస్సును దాటబోయి ఎదురొచ్చిన పత్తి ట్రాక్టరుకు ఆ కారు తగిలింది. కుడివైపు కూర్చున్న విఠల్ మోచేయి నుజ్జయింది. "విఠల్ పొమ్మన్నడు, పోయిన" అని మామ చెప్పాడు. మా ఇంట్లో అందరం ఇన్నేళ్ళూ అదే నమ్మాం. ఆ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. విఠల్ షెడ్డులో పడున్న కారును తుక్కుకు అమ్మేయమని మామ కబురు మాత్రం పంపాడు, అది అలాగే పోయిందనుకున్నాం. అయితే ఈమధ్య పన్ను కట్టించుకోవడానికి వచ్చిన జైనూర్ టీచరు ఒకాయన, మా ఊరి మెకానిక్ షెడ్డులో ఒక ఎర్ర కారు ఉంది మేడమ్, ఇప్పటికీ నడుస్తుంది అన్నాడు. నోట్లో దూది ఉన్నా ఆగకుండా చెప్పాడు. ఇంకేముంది, రెండు బండ్లనూ ఒకే రోడ్డు మీద నడిపి, ముత్తాత గొప్పా మునిమనవరాలు గొప్పా తేల్చేయాలని నాకు పట్టుకుంది. మామ పది రోజులు నసిగి, చివరికి ఒప్పుకున్నాడు. జరిగిందేదో జరిగింది, ఆ విఠల్‌ను మనమే పెద్ద మనసు చేసుకుని పలకరిద్దాం అని నేనే ఆయనకు నచ్చజెప్పాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నవంబరులో ఒక ఆదివారం ఉదయం ఆరింటికి ట్యాంకు నిండా పెట్రోలు పోయించుకుని బయలుదేరాం. ఈ బండి లీటరుకు తొమ్మిది కిలోమీటర్లు ఇస్తే గొప్ప, కాబట్టి లెక్క మీరే వేసుకోండి. జైనూర్ దాకా నూట ఎనభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. జగిత్యాలలో ఏడుంపావుకు ఇడ్లీ, వడ, టీ కానిచ్చాం, ఇద్దరికీ నూట ఇరవై అయింది. కోరుట్ల, మెట్‌పల్లి దాకా రోడ్డు బాగుంటుంది, కానీ ఊరికొక నాలుగు స్పీడు బ్రేకర్లు. నా కారుకు, నేలకు మధ్య జానెడు జాగా కూడా లేదు. ప్రతి బ్రేకరు దగ్గరా ఏటవాలుగా ఎక్కించాలి, అయినా పొట్ట గీసుకుపోయేది. గీసుకున్న ప్రతిసారీ మామ నవ్వు ఆపుకోలేకపోయాడు. "మొక్కులు మొక్కుకుంట పోతున్నట్టుంది బిడ్డా నీ కారు!" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ హైవే మీద వంద దాటినా గ్లాసులో నీళ్ళు కదలనంత మెత్తగా, చప్పుడు లేకుండా పోతుంటే ఆయనే, "మా బండ్ల ఇట్ల మాట్లాడుకునుడు ఏడిది? అరిస్తె గూడ ఇనపడకపోయేది," అని ఒప్పుకున్నాడు.

మెట్‌పల్లి దగ్గర హైవే వదిలి, గోదావరి వంతెన దాటి, తొమ్మిదింటికల్లా ఖానాపూర్ చేరాం. అక్కడి నుంచి ఉట్నూర్ వైపు అడవి రోడ్డు. ఈ ప్రయాణంలో అందమైన భాగం ఇదే. టేకు చెట్ల మధ్య ఎండ చారలు చారలుగా పడుతోంది, బండ్లు తక్కువ. ముందు ఒక కంకర లారీ పోతుంటే దాటుదామని కుడికి తీశాను. వెంటనే, పక్కన బండి వస్తుంటే హెచ్చరించే ఎర్ర దీపం అద్దంలో వెలిగి, కారు కీచుమని మొత్తుకుంది. నాకేమీ కనిపించలేదు. అయినా కాలు తీసేసి మళ్ళీ లారీ వెనక్కి సర్దుకున్నాను. మరుక్షణం వెనక నుంచి ఒక జీపు మమ్మల్ని రాసుకుంటూ దూసుకుపోయింది.

మామ ఆ జీపు మలుపు తిరిగేదాకా చూశాడు. తర్వాత, "దాని మాట ఇన్నవ్," అన్నాడు.

"ఇనకపోతె ఎట్ల మామా? అది సూసింది, నేను సూడలే."

"నేను ఇనలే," అన్నాడాయన. కారు లోపల ఎంత నిశ్శబ్దంగా ఉందంటే ఆయన గొణిగినా ప్రతి మాటా వినిపించింది. "విఠల్ ఆ రోజు పొమ్మనలే బిడ్డా. ఆగుమన్నడు. రెండు సార్లు అన్నడు. ఆ బస్సు ఎనక చాన సేపు పోయినం, నాకు చిరాకు లేసింది. వీడు చెప్పేదేంది, నేను ఆగేదేంది అని తొక్కిన. దవాఖానల అందరు అడిగిన్రు. విఠల్ పొమ్మన్నడని నోట్లకెళ్ళి వచ్చింది. జైనూర్ల హోటల్ కాడ గూడ గదే చెప్పిన. ఒక్కసారి అన్నంక మల్ల ఎట్ల మలపాలె?"

నాకు కోపం ముంచుకొచ్చింది. సైడు చెప్పడమే పేరుగా బతికిన మనిషిని రోడ్డు చూడడం రానివాడిగా నిలబెట్టాడు మామ, అతని చేయి పోయింది, పైగా అతన్ని క్షమించి రావడానికి ఇంత దూరం పోతున్నాం మేం! "నువ్వు గిది హోటల్ కాడనే చెప్పినవ్ కద, మల్ల హోటల్ కాడనే మలుపు," అన్నాను. మామ కిటికీ వైపు తిరిగాడు. ఉట్నూర్ వచ్చాక, "మోకాలు గుంజుతుంది, మర్లి పోదాం బిడ్డా," అన్నాడు. "ఈ బండి మలపనీకి గీ రోడ్డు సరిపోదు మామా," అన్నాను. ఉట్నూర్ చౌరస్తాలో లారీలే సుఖంగా మలుపుకుంటున్నాయి. ఆయన అటు చూసి, నావైపు చూసి, సీటు బెల్టు సర్దుకున్నాడు.

పదకొండున్నరకు జైనూర్ చేరాం. విఠల్ షెడ్డు రోడ్డు మీదే ఉంది, దాని ఎదురుగానే హోటల్. విఠల్‌కు అరవై దాటి ఉంటాయి. బక్కపలచని మనిషి, కుడి మోచేయి వంకరగా బిగుసుకుపోయి ఉంది, ఎడమ చేత్తోనే స్పానరు తిప్పుతున్నాడు. మామను చూసి లేచి నిలబడ్డాడు. "రా పటేలా," అన్నాడు, అంతే. వెనక ఎర్ర కారు మెరుస్తోంది. పొట్ట గీసుకుపోకుండా దాని స్ప్రింగులు కూడా మార్చి జానెడు పైకి లేపాడు. "తుక్కుకు అమ్ముమంటి కద విఠల్," అన్నాడు మామ. "కారు ఏం తప్పు జేసింది పటేలా?" అన్నాడు విఠల్. ఒక్కడే వాగు దాకా నడుపుకుపోయి వస్తాడట, ఎవరినీ దాటడట.

ముగ్గురం హోటల్‌కు పోయి టీ చెప్పాం. డ్రైవర్లు, పత్తి అమ్ముకుని వచ్చిన రైతులు కలిసి పదిమందికి పైనే ఉన్నారు. మామ గ్లాసు ముట్టలేదు. ఆయన ఇక చెప్పడనే అనుకున్నాను. ఉన్నట్టుండి ఆయన లేచి నిలబడి, "గీడ నన్నెరిగినోళ్ళు ఉన్నరు," అన్నాడు గట్టిగా. "పంతొమ్మిదేండ్ల కింద విఠల్ పొమ్మంటె పోయిన్నని గీ హోటల్లనే చెప్పిన. అది అబద్ధం. ఈయన ఆగుమన్నడు. నేనే ఇనలే. తప్పు నాది."

అందరూ ఇటు తిరిగారు. మూలన కూర్చున్న ముసలి డ్రైవరు ఒకాయన, "గందుకే మేం అప్పుడే అనుకున్నం, విఠల్ గట్ల చెప్పడని," అని గొణిగాడు. విఠల్ తలెత్తి అతనివైపు చూశాడు. "అనుకున్నోడివి అప్పుడే అంటె అయిపోవు కద కాకా," అన్నాడు. నవ్వులు వినిపించాయి. మామ ఇంకా నిలబడే ఉన్నాడు. విఠల్ ఆయన భుజం పట్టి కూర్చోబెట్టాడు. "ఎందుకు చెప్పలే విఠల్, అప్పుడే నువ్వు?" అని అడిగాడు మామ.

"కారు నీది, పటేల్‌వు నువ్వు. నా మాట ఎవలు ఇంటరు? నువ్వే ఇనకపోతివి." విఠల్ టీ ఒక గుక్క తాగాడు. "కోపం ఉండె పటేలా. లేదంటె అబద్ధమైతది. గని నా చెయ్యి వంగకున్నా నిద్ర మంచిగ పట్టింది నాకు. నీకే పట్టలేదు గావచ్చు." మామ కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. నేను గబగబా ఇంకో మూడు టీలు చెప్పాను, ఏం చేయాలో తోచక.

ఇక అసలు పరీక్ష. మామ ఎడమ మోకాలు అరిగిపోయి క్లచ్ తొక్కలేక డ్రైవింగ్ మానేసి చాలా ఏళ్ళయింది. నా కారుకు క్లచ్చే లేదు కాబట్టి తాళం ఆయన చేతిలో పెట్టాను. ఉట్నూర్ దాకా ఎర్ర బండి నేను నడుపుతానన్నాను. కుడి సీటు తలుపు తెరిచి విఠల్ వైపు చూశాను. "ఆ సీట్ల కూసుంట లేను బిడ్డా అప్పటి సంది," అన్నాడు. "నాకు సైడు చెప్పేటోళ్ళు లేరు బాబాయ్," అన్నాను. ఆయన కాసేపు షెడ్డులోకి చూసి, చేతులు తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు.

నిజం చెప్పాలంటే, మొదటి రెండు కిలోమీటర్లు ఆ కారును తిట్టుకున్నాను. స్టీరింగు రోలులా బరువు, గేరు కుడి చేత్తో వేయాలి, ఇంజను రొదకు చెవులు గింగురుమన్నాయి. కానీ అరవైలో పోతుంటే ఒంట్లో ప్రతి నరం మేలుకుంది. నా కారు నూట ఇరవైలో కూడా అలా ఎప్పుడూ చేయలేదు. పశువుల దాణా మోసుకుపోతున్న లారీ ఒకటి అడ్డం వచ్చింది. నాకు దాని వెనక తలుపు తప్ప ప్రపంచంలో ఇంకేమీ కనిపించడం లేదు. విఠల్ మెడ చాచి చూస్తున్నాడు, నోరు మాత్రం మెదపడం లేదు. సీటు అంచు గట్టిగా పట్టుకున్నాడు. "ఆగు," అన్నాడు. బస్సు పోయింది. "ఆగు," అన్నాడు మళ్ళీ. రెండు బైకులు పోయాయి. తర్వాత చాలాసేపటికి, "పో బిడ్డా, పో పో!" అని డాష్‌బోర్డు మీద ఎడమ చేత్తో చరిచాడు. కళ్ళు మూసుకుని తొక్కినట్టే తొక్కాను. లారీ దాటాక ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

సగం దారిలో ఆగాం. మామ నా కారులోంచి పెళ్ళికొడుకులా దిగాడు. విఠల్ బానెట్ ఎత్తించి చూసి, "చెయ్యి పెట్టనీకి జాగనే లేదు ఇండ్ల," అని పెదవి విరిచాడు. అయినా సీటు నొక్కి చూశాడు, తలుపు రెండు సార్లు మూసి తెరిచి చప్పుడు విన్నాడు. "రా విఠల్, కూసో. ఇండ్ల నువ్వు చెప్పేదేం లేదు, కారే చెప్తది," అన్నాడు మామ. "అయితె ముచ్చట పెట్టుకుంట పోదం," అని విఠల్ ఎక్కేశాడు. ఇద్దరూ నావైపు ఒక్కసారి చూసి, చెయ్యి ఊపి, ఝుమ్మని పోయారు.

నా పక్క సీటు ఖాళీ అన్న సంగతి అప్పుడు గానీ నాకు తట్టలేదు. రెండు నిమిషాల్లో ఒక పత్తి లారీ వెనక చిక్కుకున్నాను. దాటే ధైర్యం లేదు. ఉట్నూర్ దాకా దాని వెనకే ఇరవైలో ఈడ్చుకుంటూ, ఎగిరొచ్చే దూది పీచులు తింటూ పోయాను. నేను చేరేసరికి వాళ్ళిద్దరూ జొన్నరొట్టె, వంకాయ కూర తినేసి (ఇద్దరికీ రెండు వందల నలభై), నాకోసం ఒక రొట్టె మిగిల్చి, ఏదో పాత ముచ్చటకు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. నేను వచ్చిన సంగతి కూడా కాసేపు గమనించలేదు. మామ విఠల్‌తో పాటు ఎర్ర కారులో వెనక్కి పోయి రెండు రోజులు జైనూర్‌లోనే ఉంటానన్నాడు. సాయంత్రం నేనొక్కదాన్నే తిరిగొచ్చాను.

కొత్త కారు పాతదానికి సాటి వస్తుందా అంటే, నడిపే సరదాలో రాదు, ఒప్పుకుంటున్నాను. కానీ పాత కారు రొదలో పంతొమ్మిదేళ్ళయినా బయటికి రాని మాట కొత్త కారు నిశ్శబ్దంలో వచ్చింది. మళ్ళీ ఎప్పుడూ స్టీరింగు పట్టననుకున్న మనిషి దాన్ని పట్టుకున్నాడు. నా కారును ఆట బొమ్మ అనే హక్కు ఇప్పుడు మామకు లేదు. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: ఖానాపూర్ దాటాక పెట్రోలు ఎక్కడ దొరుకుతుందో చూసుకుందాంలే అనుకోకండి, ఖానాపూర్‌లోనే పోయించుకోండి. ఇక ఎడమ స్టీరింగు బండే తీసుకెళ్తానంటారా, టైర్లూ బ్రేకులూ తర్వాత, ముందు కుడి సీట్లోకి నమ్మకమైన మనిషిని వెతుక్కోండి. ఆ మనిషి ఆగమంటే మాత్రం ఆగండి.