జడ వేసినంతసేపు

ఇవాళ పొద్దున్నే మా కింద వాటాలో అద్దెకుంటున్నావిడ ముంజేతికి కట్టుతో, వెనకాల కూతుర్ని వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. నీళ్ల బిందె ఎత్తబోతే చెయ్యి బెణికిందట. "ఏమనుకోకండి ఆంటీ, దీనికి కాస్త రెండు జడలు వేసి పెడతారా? స్కూలు ఆటో వచ్చేస్తుందండీ" అంది. ఏమనుకోవడమేమిటి నా తల్లీ! దువ్వెన పట్టుకుంటే నెరిసిన నా నాలుగు వెంట్రుకలు తప్ప దువ్వడానికేమీ లేక నా చేతులు ఎప్పట్నుంచో ఊరికే ఉన్నాయి. గబగబా బాల్కనీలో పీట వేశాను. పిల్ల నాకు వీపు పెట్టి కూర్చుంది. పాపిడి తీశానో లేదో మొదలుపెట్టింది చూడండి, వాళ్ల క్లాసులో ఒకబ్బాయి చాక్‌పీసు తిన్నాడట, టీచర్ గారికి చెప్పొద్దని అందరికీ తలా ఒక రేగువడియం ఇచ్చాడట, ఈవిడగారు వడియం తిని మరీ చెప్పేసిందట. రెండో రిబ్బను ముడి పడగానే నోరు మూతపడింది. లేచి వెనక్కి కూడా చూడకుండా తుర్రుమంది. నేను దువ్వెనలో మిగిలిన రెండు నల్ల వెంట్రుకలు వేలికి చుట్టుకుంటూ ఆ పీట దగ్గరే ఉండిపోయాను.

ఎందుకంటే మా అమ్మాయి కూడా అంతే. ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషి కాదది. అందులో అచ్చం వాళ్ల నాన్న పోలిక. మా ఆయనకి వన్ టౌన్‌లో బట్టల హోల్‌సేల్ కొట్టు. రోజంతా బేరగాళ్లతో మాట్లాడీ మాట్లాడీ ఇంటికొచ్చేసరికి ఆయన దగ్గర మాటల స్టాకు అయిపోతుంది. కూతురికి పుట్టుకతోనే స్టాకు తక్కువ. ఎదురుగా కూర్చోబెట్టి "ఏమైందే?" అని అడిగితే "ఏం లేదు" తప్ప రెండో మాట రాదు. అదే పిల్ల పొద్దున్నే పీట మీద వీపు నా వైపు తిప్పి కూర్చుందంటే ఇక బ్యారేజీ గేట్లు ఎత్తినట్టే. ఎవరు ఎవరితో పలకడం లేదు, ఏ లెక్కల సారు ఎవర్ని ఏమన్నాడు, ఏ స్నేహితురాలు ఏ మాట దాచింది, అంతా నా చేతుల్లో జుట్టు నలిగినంతసేపూ చెప్పేది. పెద్దమనిషి అయిన సంగతి కూడా నాకలాగే తెలిసింది. జడ సగంలో ఉండగా, రోడ్డు మీద వెళ్లే తోపుడు బండి వైపు చూస్తూ చెప్పింది. నేను జడ వదిలేసి దాన్ని ఇటు తిప్పబోతే "ముందు జడ కానీ అమ్మా" అంది. అప్పుడు నాకు అర్థమైంది, దీని మొహం చూడకూడదు, వినాలంతే.

జుట్టు కూడా అలాంటిలాంటిది కాదు. మా పుట్టిల్లు చల్లపల్లి దగ్గర పల్లెటూరు. అక్కడ మా అమ్మ జుట్టు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. నన్ను దాటేసి అది నేరుగా మనవరాలికి వచ్చింది. మోకాళ్ల దాకా జడ. నూనె రాసి, చిక్కు తీసి, మూడు పాయలు చేసి చివరిదాకా అల్లేసరికి ఇడ్లీ ఒక వాయి దిగేది. మా అత్తగారు నేతపని వాళ్లింటి ఆడపడుచు. ఆవిడ కుర్చీలో కూర్చుని రోజూ ఒకటే పాట, "జడ వేస్తున్నావా తల్లీ, మగ్గం మీద చీర నేస్తున్నావా? అయిందా లేదా నీ నేత?" అని. నేనేం తక్కువ తిన్నానా? పిల్ల ఇంకా ఏదో చెప్పబోయి ఆగిందని అనిపిస్తే "అయ్యో, వంకర వచ్చిందే" అని సగం జడ విప్పేసి మళ్లీ మొదటికొచ్చేదాన్ని. ఆ రెండో జడలో అసలు సంగతి బయటపడేది. వంకరా లేదు, పాడూ లేదు. ఈ కిటుకు లోకంలో నాకొక్కదానికే తెలుసని నా ధీమా.

మా విజయవాడ సంగతి మీకు తెలియంది కాదు. ఎక్కడెక్కడి ఊళ్లవాళ్లంతా తమ పిల్లల్ని తెచ్చి మా ఊరి హాస్టళ్లలో వదిలిపెట్టి పోతారు. ఆదివారం పూట ఆ గేట్ల దగ్గర క్యారేజీలు పట్టుకుని ఎండలో నిలబడ్డ తల్లుల్ని చూసి "అయ్యో పాపం, ఎలా ఉంటారమ్మా పిల్లల్ని వదిలేసి" అని ఆటోలో కూర్చుని జాలిపడ్డదాన్నే నేను. మా అమ్మాయి ఇంటర్మీడియట్టూ కోచింగూ అంతా ఇంటి నుంచే చదివింది. ఊళ్లోనే ఇన్ని కాలేజీలుంటే ఇంక ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. పోయింది. పేరున్న కాలేజీలో సీటు వచ్చింది, ఎక్కడో ఉత్తరాన, రెండు రాత్రులు రైల్లో గడిస్తే గాని చేరని ఊళ్లో. ఆ ఊరి పేరు మా అత్తగారికి ఇప్పటికీ నోరు తిరగదు. బజారు బజారంతా మెచ్చుకుంది. మా ఆయన కొట్టుకొచ్చిన ప్రతివాడికీ పూతరేకులు పెట్టారు. నేనూ నవ్వుతూ అందరిళ్లకీ పంచొచ్చాను. అంత మంచి సీటొస్తే ఏడ్చే తల్లిని ఎవరు క్షమిస్తారు చెప్పండి.

వెళ్లేముందు దానికి జడ వేసుకోవడం నేర్పుదామని కూర్చోబెట్టాను. ఎక్కడెక్కడి లెక్కలో చేసి సీటు తెచ్చుకున్న పిల్లకి మూడు పాయల లెక్క తేలలేదు. చేతులు వెనక్కి పెట్టి అల్లీ అల్లీ చివరికి తాడు పేనినట్టు ఒకటి తయారుచేసి "చాల్లేమ్మా, ఎవరు చూస్తారు" అంది. "కాస్త పొట్టి చేయిస్తేనో" అని నేను అన్నానో లేదో మా అత్తగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "కత్తెర ఈ గుమ్మం తొక్కిందంటే నేను ఈ ఇంట్లో అన్నం ముట్టను" అన్నారు. కత్తెర లేనిదే బట్టల వ్యాపారం సాగని ఇంట్లో ఆ శపథం ఎలా చెల్లుతుందో నాకు తెలియలేదు గానీ మాట అక్కడితో ఆగింది.

మా ఆయనా నేనూ వెళ్లి హాస్టల్లో దింపి వచ్చాం. తిరుగు ప్రయాణం రోజు పొద్దున్న ఆ ఇనప మంచం మీద కూర్చోబెట్టి ఆఖరిసారి జడ వేశాను. ఎదుటి మంచాల మీద ఇద్దరమ్మాయిలు హిందీలో ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. దీని నోట్లోంచి ఒక్క మాట రాలేదు. చివరిదాకా వచ్చి, వంకర వచ్చిందని విప్పి మళ్లీ వేశాను. ఊహూఁ. గుమ్మంలోంచి మా ఆయన "ట్రైను టైమవుతోంది" అన్నారు. బ్యాండు గట్టిగా బిగించాను, రెండ్రోజులైనా ఊడకుండా ఉండాలని. అంతకన్నా ఆ పూట నేను చేయగలిగింది ఏమీ లేదు.

ఆ తర్వాత మా సంసారమంతా వీడియో కాల్‌లోకి వచ్చింది. నా బాధ ఎవరికి చెప్పుకోను? ఆ ఫోను పట్టుకుంటే పిల్ల మొహం తప్ప ఇంకేం కనపడదు. ఆ మొహం చూసి మాట్లాడటం మా ఇద్దరికీ చేతకాదు. "ఏం తిన్నావే?" "తిన్నా." "ఏం తిన్నావని అడిగాను." "బానే ఉందమ్మా." మధ్యలో మా ఆయన తీసుకుని మా పైకప్పు ఫ్యాను చూపిస్తూ "డబ్బులున్నాయా?" అనేవారు. అత్తగారేమో ఫోను చెవికి ఆనించుకునేవారు. అవతల పిల్లకి వారం వారం నాన్నమ్మ చెవి దర్శనం. నవ్వేది. కానీ ఆ నవ్వు బుగ్గల దగ్గరే ఆగిపోయేది. బుగ్గలు కూడా తగ్గాయి. ఎప్పుడు చూసినా తల మీద చున్నీ. "చలిగా ఉందమ్మా" అనేది. ఏదో ఉంది, ఏదో దాస్తోంది, కన్నదాన్ని నాకు తెలియదా? తెలుసు. తెలిసి ఏం చేయను? మా ఆయనతో అంటే "చదువుకునే పిల్లని విసిగించకు" అన్నారు. కొండెక్కి అమ్మవారికి చెప్పుకుని, దిగి వచ్చి పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను.

దసరా సెలవులకి వచ్చింది. దసరా అంటే మా వన్ టౌన్‌లో రోడ్లన్నీ కట్టేస్తారు. మా ఆయన ఎక్కడో దూరాన ఆటో దిగి, జనంలోంచి దాన్నీ సూట్‌కేసునీ లాక్కుని నడిపించుకొచ్చారు. మెట్లెక్కి వచ్చి చున్నీ తీసింది. జుట్టు భుజాల దాకానే ఉంది. అదీ సరిగ్గా లేదు, ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ.

నేను సూట్‌కేసు అందుకుని పక్కన పెట్టాను. మా అత్తగారు ఊరుకోలేదు. "ఓసి నీ అఘాయిత్యం కూలా! మొక్కు లేదు, ముడుపు లేదు, అంత జుట్టూ నేలపాలు చేశావటే? ఏ వెంకన్నకిచ్చినా పుణ్యం వచ్చేది కదే!" అని కాసేపు ఏడ్చి, కళ్లు తుడుచుకుని, "పోనీ కత్తిరించిందైనా తెచ్చావా? సవరం కట్టించేదాన్ని" అన్నారు. "చెత్తబుట్టలో వేసేశా నాన్నమ్మా" అంది ఇది. నేను "కాళ్లు కడుక్కో, అన్నం పెడతాను" అన్నాను. రెండ్రోజుల పాటు నేనూ అదీ అన్నం, కూర, పెరుగు గురించే మాట్లాడుకున్నాం. నాకు కోపమా? కోపమే. నాతో ఒక్క మాట చెప్పకుండా ఎలా కోసుకుందని. జుట్టు పోతే పోయింది, నాకు చెప్పే అలవాటు కూడా పోయిందే అని లోపల ఒకటే గుబులు.

మూడో రోజు పొద్దున్న నేను ఇడ్లీ పిండి కలుపుతున్నాను. బాల్కనీలో పీట వాల్చిన చప్పుడైంది. వెళ్లి చూస్తే వీధి వైపు తిరిగి కూర్చుని ఉంది, పక్కన నూనె గిన్నె, దువ్వెన. నేను చెయ్యి కడుక్కుని వెళ్లి వెనకాల కూర్చున్నాను. తలకి నూనె రాస్తుంటే ఒక్కొక్కటే బయటికొచ్చింది.

"మెస్‌లో నా పక్కన ఎవరూ కూర్చోరమ్మా. కూర్చోకూడదని కాదు. వాళ్లకి వాళ్లున్నారు."

నేను పాపిడి తీశాను.

"టెస్టులో తప్పా. నేనెప్పుడైనా తప్పానా అమ్మా? అక్కడ అందరూ నాకంటే తెలివైనోళ్లే."

పాయలు చేశాను. చేతికి దొరకడం లేదు, జారిపోతున్నాయి.

"జుట్టు ఆరేది కాదు. తడి జుట్టుతోనే క్లాసుకి పోయేదాన్ని. జ్వరమొచ్చింది. లేచి చూసుకుంటే అంతా చిక్కు పడిపోయింది, ఎంత తీసినా రాలా. కత్తెర తీసుకుని కోసేశా."

"నాకు చెప్పలేదేమే?"

"ఎట్లా చెప్పను? ఫోన్లో నీ మొహం చూస్తే నాకు ఏడుపొచ్చుద్ది. నన్ను చూస్తే నీకొచ్చుద్ది."

కింద వీధిలో భవానీ మాలలు వేసుకున్న జనం గుంపులు గుంపులుగా కొండ వైపు పోతున్నారు. వాళ్ల వైపే చూస్తూ అడిగింది, "నన్ను వచ్చెయ్యమంటావా?"

ఇదీ ప్రశ్న. వచ్చెయ్యమంటే దాని చదువు. ఉండమంటే దాని ప్రాణం. వచ్చెయ్యి నా బంగారం, ఈ పూటే రైలు టిక్కెట్టు చింపేద్దాం అనే మాట నాలుక చివరి దాకా వచ్చి ఉంది. రేపు అదే "నువ్వే రమ్మన్నావు" అంటే? ఉండమంటే, అక్కడ మళ్లీ జ్వరమొస్తే? ఇన్నేళ్లు పెంచిన తల్లిని, బుర్రంతా వెతికితే నాకు దొరికిన జవాబు, "ఇంకాస్త నూనె రాయనా?"

"రాయి" అంది.

అక్కడికి జడ అయిపోయింది. ఎంత జుట్టని? జానెడు కూడా లేదు, పిలకలా ఉంది. బ్యాండు వేశాను. ఇక లేచి వెళ్లిపోతుంది, మాట అయిపోయినట్టే అని నా చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. అది లేవలేదు. అద్దం లేదు, చెయ్యి పెట్టి తడుముకోనూ లేదు.

"వంకరొచ్చిందమ్మా" అంది. "విప్పి మళ్లీ వెయ్యి."

దానికి మొదట్నుంచీ తెలుసన్నమాట. బ్యాండు లాగేశాను. కళ్లు మసకలైపోయి పాయలు కనపడక, చేతుల అంచనాతోనే అల్లాను. మళ్లీ విప్పాను. మళ్లీ అల్లాను. లోపలి నుంచి మా ఆయన "టిఫిన్ ఏమైంది?" అని కేకేస్తే, ఇన్నాళ్లూ నా నేతని ఎద్దేవా చేసిన మా అత్తగారే, "నువ్వుండరా, నేను పెడతాను. వాళ్లని నిదానంగా కానివ్వు" అన్నారు. అది మెల్లగా ఏం చెబుతోందో అంత దూరానికి ఆవిడకి వినపడదు, కాస్త చెముడు. వెనక నుంచి మమ్మల్ని చూసి ఉంటారంతే.

సెలవులవగానే వెళ్లింది. వచ్చెయ్యమంటావా అన్న మాట మళ్లీ అడగలేదు, నేను జవాబూ చెప్పలేదు. రైలు ఎక్కేముందు మాత్రం జడ నేనే వేశాను, ప్లాట్‌ఫాం మీద, సూట్‌కేసు మీద కూర్చోబెట్టి. ఇప్పుడు వీడియో మానేసి ఉత్త ఫోను చేస్తోంది, హాస్టల్ నుంచి క్లాసుకి నడిచి వెళ్తూ. మొహం కనపడదు కాబట్టి నాలుగు మాటలు వస్తున్నాయి. మంచివి కొన్ని, నన్ను రోజంతా కుదురుగా ఉండనివ్వనివి కొన్ని. క్లాసు గుమ్మం రాగానే "ఉంటానమ్మా" అంటుంది. ఆ దారిని విప్పి మళ్లీ మొదట్నుంచీ నడిపించే కిటుకు నా దగ్గర లేదు.

కింద ఆవిడకి త్వరలోనే కట్టు విప్పేస్తారట. ఆ చెయ్యి బాగుపడాలని కోరుకోవాలి కదా, పాపం, కోరుకుంటున్నాను. ఒకప్పుడు మోకాళ్ల దాకా జడ ఉండేది, పొద్దున్నపూట టైమే ఉండేది కాదు, ఆలస్యమైపోతోందని రోజూ ఇంట్లో ఒకటే గోల. ఇప్పుడు పొద్దున్న పొద్దున్నంతా నాదే, విప్పి అల్లుకుందామంటే అందులో ఒక్క పాయ కూడా నా చేతికి అందడం లేదు.