మొదటి పేరు ఆపాది

కిందటి నెల మా డిపార్టుమెంటులో కొత్తగా చేరిన రీసెర్చి స్కాలర్లకు స్వాగత సభ పెట్టారు. నన్ను పరిచయం చేసిన లెక్చరరు, చిన్న వయసు అమ్మాయి, గోడ మీద తెర దించి నా పేరున నెట్‌లో ఉన్న పేపర్లన్నీ చూపించింది. అన్నిటికన్నా పైన, ఎక్కువమంది ఉటంకించినది, కృష్ణా డెల్టా బోరునీళ్ళ మీద నేను వేసిన మొట్టమొదటి పేపరు. "ఇంటర్నెట్ అంటే ఏంటో ఎవరికీ తెలియని రోజుల్లోనే మన సార్ విజయవాడలో కూర్చుని దేశదేశాల సైంటిస్టులతో మాట్లాడేవారు" అంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను చేతులు జోడించాను. ఇలాంటి సభల్లో ఆ మాటకు అలా చేతులు జోడించడం నాకు బాగా అలవాటు. ఈసారి ముందు వరసలోంచి ఒక పిల్ల లేచి, "సార్, ఆ పేపర్లో రెండో పేరు ఎవరిది సార్?" అని అడిగింది. "మా సీనియర్" అని కూర్చున్నాను. ఆ పొడి జవాబు వెనక ఉన్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

ఆ సీనియర్‌ని మేమంతా ఆపా అనేవాళ్ళం, ఉర్దూలో అక్కయ్య అని. వాళ్ళ నాన్నగారికి వన్‌టౌన్‌లో పరుపులు కుట్టే దుకాణం ఉండేది. ఆపా పుస్తకం తెరిస్తే మధ్యలోంచి దూదిపోగులు రాలేవి. లైబ్రరీ అటెండరు ప్రతిసారీ, "మేడమ్, పుస్తకం తీసుకెళ్ళి దిండు చేసుకుంటున్నారా?" అనేవాడు. "చదువుతూ నిద్రపోవాలంటే ఇదే మంచి దిండు" అనేది ఆపా. నాది కంకిపాడు దగ్గర రైతు కుటుంబం. ఇంట్లో డిగ్రీ దాటినవాడిని నేనే. తొంభైల చివర, ఎమ్మెస్సీ అయి ఏం చెయ్యాలో తోచక రీసెర్చిలో చేరినవాడికి, ఏం చెయ్యాలో పూర్తిగా తెలిసిన మనిషి తోడు దొరికింది.

మా పని డెల్టాలో బోర్ల నీళ్ళు పట్టుకొచ్చి ఉప్పు ఎంతుందో కొలవడం. కాలవలు వదలకముందు ఒకసారి, వానలయ్యాక ఒకసారి, కంకిపాడు నించి చల్లపల్లి దాకా, ఆ కిందకి సముద్రం వైపు బస్సుల్లో తిరిగేవాళ్ళం. సీసాల సంచులు మోయడం, కండక్టర్లతో దెబ్బలాడటం నా వంతు. మాట్లాడటం ఆపా వంతు. ఊరి జనం మమ్మల్ని రొయ్యల చెరువులవాళ్ళు పంపిన మనుషులనుకుని ఎగాదిగా చూసేవారు. ఒకసారి చల్లపల్లి అవతల ఒక పంపు దగ్గర, బిందె నింపుకుంటున్న ఆవిడ చెయ్యి ఆపి అడిగింది.

"మా నీళ్ళు పట్టుకుపోయి ఏం చేసుకుంటారమ్మా?"

"ఉప్పెంతుందో పరీక్ష చేస్తామండీ."

"దానికి పరీక్షెందుకు? ఈ నీళ్ళకి పప్పు ఉడికి చావదు. మా ఆయన భోజనానికొచ్చేసరికి గింజకి గింజే. నాకు వంట రాదని ఊరంతా చెప్పుకు తిరుగుతాడు."

నేను నవ్వేసి సీసాకి మూత బిగించాను. ఆపా నవ్వలేదు. "ఏ యేటి నించండీ ఉడకనిది?" అని అడిగింది. ఆవిడ లెక్క వేసుకుని, "మా చిన్నోడు కడుపులో ఉన్నప్పటి నించి" అంది. ఆపా అక్కడే గట్టు మీద చతికిలబడి, చిన్నోడెప్పుడు పుట్టాడో, పక్కింటివాళ్ళ పప్పు సంగతేమిటో, వీధి చివర బోరు ఎప్పుడు దించారో అన్నీ అడిగింది. ఆ రోజు నించి ప్రతి ఊళ్ళోనూ అదే ప్రశ్న. నీళ్ళ పరీక్ష ఉప్పు ఇప్పుడెంతుందో చెబుతుంది గానీ ఎప్పటి నించి ఉందో చెప్పదు. పురుళ్ళతోనూ తుపాన్లతోనూ ఆడవాళ్ళు చెప్పిన సంవత్సరాలను మా కొలతల పక్కన పెట్టి, ఉప్పు ఏ దారిన, ఎంత వేగంగా ఊళ్ళ మీదికి వచ్చిందో ఆపా పటం మీద చూపించింది. ఈనాటికీ ఆ పేపరును జనం ఉటంకించేది దానికోసమే. పటంలో గీతలు నావి. అంతకుమించి నాది అందులో లేదు.

ఇక ఇంటర్నెట్ సంగతి. గవర్నరుపేటలో ఇరుకు మెట్లెక్కితే ఒక సెంటరుండేది. టెలిఫోను లైను కీచుకీచుమని అరిచి అరిచి కలిసేది, కలిసేసరికి కరెంటు పోయేది. డిపార్టుమెంటు మొత్తానికి ఒకటే ఈమెయిలు, ఆపా తెరిచినది. పాస్‌వర్డు అందరికీ తెలుసు. ఎవరికి ఏ పేపరు కావాలన్నా ఆపాకి చెబితే, శనివారం వెళ్ళి అది రాసిన విదేశీ ప్రొఫెసరుకే మెయిలు పెట్టేది. నేనూ సొంతంగా కొన్ని పెట్టాను, గౌరవనీయులైన మహాశయా అని మొదలుపెట్టి, పేద దేశపు విద్యార్థినని చెప్పుకుని. ఒక్కరూ పలకలేదు. ఆపా నా మెయిలు చదివి తల పట్టుకుంది. "అడుక్కోకు తమ్ముడూ. ప్రశ్న అడుగు. నీ రెండో బొమ్మ నాకర్థం కాలేదు, ఎందుకిలా వచ్చిందని అడుగు. మనిషన్నవాడు ఊరుకోలేడు." నిజంగానే ఊరుకోలేకపోయేవారు. పేజీలకు పేజీలు జవాబులు వచ్చేవి. మాలో సగంమంది థీసిస్సులు ఆ జవాబుల మీదే నిలబడ్డాయి.

పేపరు తయారయ్యే వేళకి ఆపా వాళ్ళ నాన్నగారు జబ్బుపడ్డారు. ఆవిడ పగలంతా దుకాణంలో కూర్చోవలసి వచ్చింది. మా గైడుగారు నన్ను పిలిచారు. ఆయన చెడ్డవాడు కాదు, రిటైరయ్యేలోపు శిష్యుల్లో ఒకణ్ణయినా స్థిరపరచాలన్న ఆత్రం. "అబ్బాయ్, కాలేజీలో పోస్టు పడుతోంది. విదేశీ జర్నల్లో మొదటి పేరుంటే ఇంక తిరుగులేదు. నీ పేరు ముందు పెట్టి పంపెయ్."

"ఆపాతో చెప్పారాండీ?"

"నే చెబుతాలేవోయ్. ఆ అమ్మాయికేం, ఇంకోటి రాసుకుంటుంది."

ఆయన చెప్పలేదు. చెప్పారా అని నేను మళ్ళీ అడగలేదు. సెంటరుకు వెళ్ళి నా పేరు ముందు పెట్టి పంపాను. మొదటి పేరు ఎవరిదైతే వాళ్ళ థీసిస్‌లోకే ఆ పని వెళ్ళడం మా దగ్గర ఆనవాయితీ. అది తెలిసే పంపాను.

అచ్చుకు ముందు చూసుకోవలసిన ప్రూఫు ఆ ఉమ్మడి మెయిలుకే వచ్చింది. ఒకరోజు ఆపా ల్యాబుకి వచ్చి, "ప్రూఫు పంపేశాను తమ్ముడూ. మూడో పట్టికలో రెండూళ్ళ అంకెలు తారుమారయ్యాయి, దిద్దాను" అంది. పేర్ల మాట ఎత్తలేదు. "థాంక్స్ ఆపా" అన్నాను. పోస్టు నాకు వచ్చింది.

ఆపా మొదటి నించి మొదలుపెట్టింది. హనుమాన్ జంక్షన్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, ఆదివారాలు ఆ వైపు ఊళ్ళన్నీ తిరిగింది. ఈసారి సీసాలు కూడా తనే మోసింది. కొన్నేళ్ళకి, నెట్ ఇంటింటికీ వచ్చేశాక, థీసిస్ ఇచ్చింది. వైవాకి నేనూ వెళ్ళి వెనక కూర్చున్నాను. బయటి యూనివర్సిటీ నించి వచ్చిన పరీక్షాధికారి, పద్ధతి బాగుందని మెచ్చుకుని, "కానీ అమ్మా, ఆడవాళ్ళని అడిగి సంవత్సరాలు కట్టడం కొత్తేమీ కాదు. నెట్‌లో వెతికితే కనిపిస్తుంది, ఫలానా ఆయన ముందే చేశారు" అని నా పేరు చెప్పారు. గది మొత్తం నా వైపు తిరిగింది. నేను లేచి ఒక్క మాట అంటే సరిపోయేది. ఆపా నా వైపు చూడకుండా, "అవునండీ, ఆయన పేపరు ఉటంకించానండీ" అంది.

కిందటి నెల ఆ స్వాగత సభ అయిన సాయంత్రం ఆపాకి ఫోన్ చేశాను.

"ఏం ప్రొఫెసర్‌గారూ, దారి తప్పారా?"

అడిగేశాను, ప్రూఫు చేతికొచ్చినప్పుడు పేర్లు ఎందుకు మార్చలేదని.

"అంకెల తప్పు నేను దిద్దొచ్చు తమ్ముడూ. ఆ తప్పు నీది, నువ్వే దిద్దాలి. ప్రూఫు గడువు ఆఖరి సాయంత్రం సెంటరు మూసేదాకా కూర్చున్నా, వస్తావేమోనని. ఎక్కడున్నావేంటి ఆ రోజు?"

పక్కనే, బీసెంట్ రోడ్డులో, ఇంటర్వ్యూకి చొక్కా కొనుక్కుంటున్నానని చెప్పాను. ఆపా పడీపడీ నవ్వింది. "మరి చొక్కా బాగుందా?" అంది.

ఆపా పేరు ముందు పెట్టమని జర్నల్‌కి రాశాను. ఇన్నేళ్ళ తరవాత మారుస్తారో మార్చరో తెలియదు. సభలో ప్రశ్న అడిగిన పిల్లని మాత్రం మర్నాడే పిలిచి అంతా చెప్పాను, ఆపా నంబరు కూడా ఇచ్చాను. కాలం గడిస్తే తప్పు పాతబడుతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. పాతబడింది నేను. తప్పు మాత్రం ఎక్కడో ఎవరో ఆ పేపరును ఉటంకించిన ప్రతిసారీ మళ్ళీ కొత్తదవుతోంది.