కారం చేయి

మిరప కోతలు అయిపోయిన మర్నాడు, మా ఆరేళ్ల పిల్లకు సముద్రం చూపిద్దామని సూర్యలంకకు బయలుదేరాను. బస్సులో దాని కంట్లో నలుసు పడితే వేలితో తుడిచాను. నెలరోజులు కాయలు కోసిన చేయి అది. మజ్జిగతో మూడుసార్లు కడిగానని నా ధైర్యం. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. నీళ్లు కొడితే మంట ఇంకా ఎక్కువైంది. కన్ను పోతుందేమోనని పిల్లను ఒళ్లోకి లాక్కున్నాను.

పక్క సీట్లో చంటిపాపను ఎత్తుకున్న అమ్మాయి లేచి వచ్చింది.

"ఏందక్కా, ఆ చేత్తోనా తుడిచేది? ఇట్టా పడుకోబెట్టు."

పమిట చాటు చేసుకుని, తన చనుబాలు నాలుగు చుక్కలు పిల్ల కంట్లో పిండింది. కాసేపటికి ఏడుపు ఆగింది. పిల్ల మెల్లగా కన్ను తెరిచి పాప వంక చూసింది.

"చెల్లి పాలు నేను తీసేసుకున్నానా?"

"దానికి బోలెడున్నాయిలేవే, నువ్వు పోయి సముద్రం చూడు" అని ఆ అమ్మాయి నవ్వింది.

ఆమె బాపట్లలో దిగిపోయింది. పేరైనా అడగలేదు నేను. సాయంత్రం దాకా పిల్ల అలల్లో గెంతింది, పిచ్చుక గూళ్లు కట్టింది, గవ్వలు ఏరింది. అన్నిట్లోకీ నున్నటిది ఒకటి తీసి, "ఇది చెల్లికి" అని నా కొంగున ముడేయించింది.

అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది.